లెక్క కుదిరితే చాలదా?

చొల్లంగి అమావాస్యకి ముందురోజు. తెల్లవారుజామున సముద్రస్నానం చెయ్యాలని మావయ్య మధ్యాహ్నానికే టెక్కలి నుంచి పలాసలో మా ఇంటికి వచ్చేశారు. మా అమ్మకి ఆయన ఒక్కరే అన్న. నలభై ఏళ్ళుగా పంచాంగం గణిస్తున్నారు. నేను బడిలో ఫిజిక్స్ చెబుతాను. సాయంత్రం పిల్లలకి గురుగ్రహం చూపిద్దామని టెలిస్కోపుతో అక్కుపల్లి ఒడ్డుకి బయల్దేరుతుంటే, "నేనూ వస్తాను పద" అని స్కూటీ వెనక కూర్చున్నారు. టెలిస్కోపు మూడుకాళ్ళ స్టాండుని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు. కాశీబుగ్గ దాటేదాకా జీడిపిక్కలు వేపే పొగ మమ్మల్ని వదల్లేదు.

పిల్లలు తోసుకుంటూ చూసి, మళ్ళీ వరసలో నిలబడి మళ్ళీ చూసి, ఏడున్నరకి ఇళ్ళకి వెళ్ళిపోయారు. మేమిద్దరం మిగిలాం. మా మధ్య ఈ వాదన నా కాలేజీ రోజుల నుంచీ ఉన్నదే. ఆ రాత్రి మాత్రం సగంలో ఆపే పని పడలేదు. దీన్ని పత్రికకి రాస్తానంటే మావయ్య ఒక్కటే షరతు పెట్టారు: తన పక్షాన్ని నీరసంగా రాయకూడదని.

మావయ్య: ముందు నీ దుర్భిణి సంగతి పక్కన పెట్టి నా మాట విను. గురుడు ఇప్పుడు ఎక్కడున్నాడు? మిథునంలో, పునర్వసు రెండో పాదంలో, వక్రించి ఉన్నాడు. ఇది నేను ఆకాశం చూసి చెబుతున్నది కాదు. ఎప్పుడో ఇంట్లో కూర్చుని గణించి అచ్చుకిచ్చాను. తలెత్తి చూడు, అక్కడే ఉన్నాడా లేడా?

నేను: అక్కడే ఉన్నాడు మావయ్యా.

మావయ్య: భూమి కదలదనీ, గ్రహాలే తిరుగుతాయనీ అనుకునే ఈ లెక్క కట్టాను. అరసవల్లి సంగతి చూడు. మబ్బు పట్టకపోతే మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ పొద్దుటెండ స్వామి పాదాల మీద పడుతుంది. ఆ గుడి కట్టినవాడికి కోపర్నికస్ ఎవరో తెలీదు. ఎండ దారి తప్పిందా? లెక్క కుదిరితే చాలదా అమ్మలూ? ఎవరు ఎవరి చుట్టూ తిరిగితే మనకేం?

నేను: ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు విషువద్రేఖకి దక్షిణంగా నాలుగు డిగ్రీల దరిదాపుల్లో ఉంటాడు. మార్చిలో ఉత్తరానికి వస్తూ, అక్టోబరులో దక్షిణానికి పోతూ తూర్పున దాదాపు ఒకేచోట పొడుస్తాడు. అది కనిపెట్టి గుమ్మం నిలిపినవాడి కన్ను గొప్పది. కానీ సూర్యుడు ఎక్కడ పొడుస్తాడన్న దానికి, సూర్యుడు కదిలినా భూమి కదిలినా ఒకటే జవాబు వస్తుంది. అందుకని అరసవల్లి మీకూ సాక్షి కాదు, నాకూ కాదు.

మావయ్య: సరే, ఆ సాక్షిని దింపేద్దాం.

నేను: మరి శ్రీకూర్మం? తాబేలు మీద భూమి?

మావయ్య: మమ్మల్ని అంత చులకన చెయ్యకు. కూర్మం పురాణం, సిద్ధాంతం కాదు. భూమిని మోసేది ఒకటుంటే దాన్ని మోసేదేది, ఆ మోసేదాన్ని మోసేదేది అని భాస్కరాచార్యుడు 1150లోనే సిద్ధాంతశిరోమణిలో అడిగాడు. చివరికి ఏదో ఒకటి తన శక్తితో తానే నిలబడుతుందని ఒప్పుకోక తప్పదు కదా, ఆ ఒప్పుకునేదేదో భూమి విషయంలోనే ఒప్పుకోమన్నాడు. నేను శ్రీకూర్మం వెళ్ళి స్వామికి దండం పెడతాను. ఇంటికొచ్చి గుండ్రంగా, ఏ ఆధారమూ లేకుండా ఉన్న భూమికి లెక్క కడతాను. రెండింటినీ కలపను.

నా మాట నేను వెనక్కి తీసుకున్నాను. ప్రాచీనులంటే తాబేలూ ఆదిశేషుడూ అని క్లాసులో నవ్వించి ముందుకి పోయే అలవాటు నాకూ ఉండేది. అది వాళ్ళకి అన్యాయం చెయ్యడమే.

నేను: గుండ్రమన్నారు, ఆధారం అక్కర్లేదన్నారు. కదలదని మాత్రం ఎందుకన్నారు? ఆర్యభటుడు కదులుతుందన్నాడు కదా?

మావయ్య: అన్నాడు, 499లో. పడవలో ముందుకి పోయేవాడికి గట్టు మీది చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, నిలిచి ఉన్న నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయన్నాడు. ఇదిగో, ఈ ఒడ్డున పుట్టిన ఏ కుర్రాణ్ణి అడిగినా ఆ ఉపమానం నిజమంటాడు.

నేను: ఉపమానంతో ఆగలేదు కదా. ఒక ప్రాణకాలంలో, అంటే నాలుగు సెకన్లలో, భూమి ఒక కల తిరుగుతుందని లెక్క ఇచ్చాడు. రోజుకి 21,600 ప్రాణాలు, చుట్టుకి 21,600 కలలు. ఆ శ్లోకంలో ఆయన రాసిన మాట 'భూః'. 628లో బ్రహ్మగుప్తుడు ఆ మాటని ఎత్తిచూపే ఖండించాడు. తరవాతి భాష్యాల్లో అదే చోట 'భం' అని కనిపిస్తుంది. భూః అంటే భూమి, భం అంటే నక్షత్రమండలం. అక్షరం మారింది, దాంతో తిరిగేదీ మారిపోయింది.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఈ సంగతి ఆయనకి తెలీక కాదు. నా నోట వస్తుందని అనుకోలేదంతే.

మావయ్య: మోసం చెయ్యాలని మార్చలేదమ్మా. భూమి తిరగడం వాళ్ళకి అసంభవంగా తోచింది. అంతటివాడు అసంభవం రాసి ఉండడు, ఇది లేఖకుడి తప్పే అయ్యుంటుందనుకున్నారు. గురువు పరువు కాపాడామనుకున్నారు. అయినా మీ యూరపులో జరిగిందేమిటి? 1600లో బ్రూనోని నిలువునా కాల్చారు. 1633లో దాదాపు డెబ్బై ఏళ్ళ గెలీలియోని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తప్పయిందని చెప్పించారు. మన దేశంలో భూమి తిరుగుతుందన్నందుకు ఎవరి మీదైనా చెయ్యి పడిందా?

నేను: పడలేదు. అది మనకి గౌరవమే. బ్రూనో మీద మోపిన నేరాల్లో మతం సంగతులే ఎక్కువనుకోండి, అయినా కాల్చడం కాల్చడమే. కానీ ఒకటి చెప్పండి. గెలీలియో పుస్తకాన్ని నిషేధించారు. నిషేధించారు కాబట్టే అందులో ఏముందో లోకానికి తెలిసింది. ఆర్యభటుడి మాటని ఆయన పేరుతోనే తిరగరాశారు. చదువుకునే కుర్రాడికి తన గురువు ఏమన్నాడో కూడా తెలీకుండా పోయింది. నాకు రెండోదే ఎక్కువ బాధ.

మావయ్య: బాధపడు, కాదనను. కానీ మాకు కారణాలు లేకపోలేదు. వరాహమిహిరుడు అడిగాడు: భూమి తిరిగితే గూడు వదిలి ఎగిరిన పక్షి మళ్ళీ గూటికి ఎలా చేరుతుంది? నేనూ అడుగుతాను. నీ లెక్కన ఇక్కడ భూమి ఎంత వేగంతో తిరుగుతోంది?

నేను: ఈ అక్షాంశం దగ్గర గంటకి దాదాపు 1,580 కిలోమీటర్లు.

మావయ్య: తిత్లీ తుపాను గాలి గంటకి నూట యాభై ఉంటుందా? దానికే ఉద్దానంలో కొబ్బరిచెట్టు నిలబడలేదు. పదింతల వేగంతో భూమి పోతుంటే గాలి మన మొహాన కొట్టదా?

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసేసే పుస్తకాలంటే నాకు కోపం. ఇది మూర్ఖుల ప్రశ్న కాదు. అరిస్టాటిల్ అనుచరులు రెండువేల ఏళ్ళు ఇదే అడిగారు. గోపురం మీంచి వదిలిన రాయి మొదట్లోనే పడుతోంది, భూమి జరిగిపోతే రాయి వెనకబడి ఎక్కడో పడాలి కదా అన్నారు. భూమి తిరుగుతుందనడం ఒక్క వాక్యంతో అయిపోతుంది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మాత్రం కదలిక అంటే ఏమిటో మొదటినుంచీ మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. గెలీలియో చేసిన అసలు పని నా దృష్టిలో అదే.

నేను: గెలీలియో 1632లో అచ్చువేసిన పుస్తకం కూడా మనలాగే వాదించుకునే సంవాదమే మావయ్యా. అందులో అంటాడు: ఓడ కింది గదిలో తలుపులేసుకుని కూర్చో. సీతాకోకచిలుకలు ఎగరనీ, పైనుంచి నీటిచుక్కలు కింది పాత్రలో పడనీ. ఓడ కదలకుండా ఉన్నప్పుడు చూడు, సాఫీగా పోతున్నప్పుడు చూడు. ఏ తేడా కనిపించదు. రైల్లో కూర్చుని రూపాయి బిళ్ళ పైకెగరేస్తే మీ చేతిలోనే పడుతుంది కదా, వెనక సీటు వాడి మీద పడదు. బిళ్ళకి రైలు వేగం ముందే ఉంది. పక్షికీ, గాలికీ, ఈ ఇసుకకీ భూమి వేగం అలాగే ఉంది. 1640లో గసెండీ అనే ఆయన మార్సేల్ దగ్గర జోరుగా పోతున్న ఓడ స్తంభం మీంచి రాయి వదిలి చూపించాడు. సరిగ్గా స్తంభం మొదట్లోనే పడింది.

మావయ్య: అంటే భూమి తిరిగినా మనకి తెలీదన్నమాట. తెలీనిదాన్ని నమ్మమంటావు.

నేను: సాఫీగా తిన్నగా పోతే తెలీదు. గుండ్రంగా తిరిగితే కాస్త తెలుస్తుంది. తిత్లీ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మీ జీడితోటలో చెట్లు ఎటు పడ్డాయి?

మావయ్య: ఎలా మరిచిపోతాను! ముందు ఈశాన్యం నుంచి కొట్టింది. ఇంటి వెనకాల చెట్లన్నీ ఆ ఊపుకే ఒరిగిపోయాయి. మధ్యలో కాస్త తెరిపిచ్చింది. అయిపోయిందనుకుని లాంతరు పట్టుకుని బయటికొచ్చాం. అప్పుడు నైరుతి నుంచి మళ్ళీ అందుకుంది. మిగిలినవి ఇటు తిరిగి పడ్డాయి. పొద్దున చూస్తే ఒకదాని మీద ఒకటి కత్తెర వేసినట్టు పడున్నాయి.

నేను: మొదటి గాలికీ రెండో గాలికీ మధ్య తుపాను కన్ను మీ తోట మీంచి పోయింది. సుడి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరిగింది కాబట్టే ముందు ఈశాన్యం, తరవాత నైరుతి. బంగాళాఖాతంలో ఏ తుపానైనా అటే తిరుగుతుంది. భూమధ్యరేఖకి అవతల ఆస్ట్రేలియా దగ్గర పుట్టేవి దీనికి తిరగబడి తిరుగుతాయి. సరిగ్గా రేఖ దగ్గర తుపాను పుట్టడమే అరుదు. భూమి తిరక్కపోతే సుడికి ఈ నియమం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ వేకువన మీ తోటలో చెట్లు పడ్డ తీరులో భూభ్రమణం కూడా ఉంది.

మావయ్య: (చాలాసేపటికి) ఆ తోట మా నాన్నగారు వేసింది.

నేను: తెలుసు మావయ్యా.

అలల చప్పుడు తప్ప కాసేపు ఏమీ లేదు. గురుడు ఈశాన్యంగా కొబ్బరిచెట్లు దాటి పైకొచ్చాడు. టెలిస్కోపు అద్దం మీద ఉప్పుతేమ పడుతుంటే నూలుచున్నీతో అద్దుతూ ఉన్నాను.

మావయ్య: సరే, తిరగడం అసంభవం కాదు. తిరుగుతోందనే అనుకుందాం. తన చుట్టూ తాను తిరిగితే సూర్యుడి చుట్టూ కూడా తిరగాలనేముంది? ఆర్యభటుడు ఆ రెండోది చెప్పలేదు. నా గురుడి లెక్క ఇంకా కుదురుతూనే ఉంది.

నేను: అయితే మీ లెక్కలోకే వస్తాను. గురుడి స్ఫుటం, అంటే ఆకాశంలో కనిపించే చోటు, కట్టేటప్పుడు మంద సంస్కారం తరవాత శీఘ్ర సంస్కారం చేస్తారు. గురుడికి శీఘ్రోచ్చం ఎవరు?

మావయ్య: సూర్యుడు.

నేను: కుజుడికి?

మావయ్య: సూర్యుడే. శనికీ సూర్యుడే.

నేను: బుధ శుక్రులకి?

మావయ్య: అక్కడ తిరగబడుతుంది. మధ్యమ గ్రహం సూర్యుడు, శీఘ్రోచ్చం గ్రహానిది.

నేను: గ్రహాలు ఐదు. తిరిగేది భూమి చుట్టూ అంటున్నారు. మరి ఐదింటి లెక్కలోనూ సూర్యుడెందుకు దూరాడు మావయ్యా?

మావయ్య: ...నీలకంఠ సోమయాజికి వచ్చింది ఈ అనుమానం. కేరళలో, 1500 ప్రాంతంలో. ఐదు గ్రహాలూ సూర్యుడి చుట్టూ తిరుగుతాయనీ, వాటితో సహా సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడనీ తేల్చాడు.

నేను: ఇంకో అడుగు వేస్తే కోపర్నికస్. ఆయన పుస్తకం 1543లో వచ్చింది. మొన్న టెక్కలి నుంచి బస్సులో వస్తూ హైవే మీద లారీని దాటినప్పుడు చూశాను. లారీ వెనక దూరంగా మహేంద్రగిరి కొండల వరస. లారీ మనవైపే, మన దారినే పోతోంది. కానీ మన బస్సు దాన్ని దాటుతున్న ఆ కాస్సేపూ కొండల మీద లారీ వెనక్కి జారుతున్నట్టుంది. అదే వక్రం. కొండలు నక్షత్రాలు, లారీ గురుడు, బస్సు భూమి. గురుడు వెనక్కి నడవడం లేదు, మనం దాటుతున్నాం. దాటే సమయానికి సూర్యుడు మనకి అటువైపు ఉండక తప్పదు. ఈ నెలలో సూర్యుడు కుంకే వేళకి గురుడు తూర్పున పొడవడం అందుకే. బయటి గ్రహాల వక్రాలన్నీ సూర్యుడికి ఎదురుగా ఉన్నప్పుడే ఎందుకొస్తాయో మీ శాస్త్రం చెప్పదు. అలా వచ్చేలా లెక్క కుదురుస్తుంది, అంతే.

మావయ్య: కోపర్నికస్ లెక్క మా లెక్క కన్నా మెరుగ్గా కుదిరిందా?

నేను: లేదు. ఆయన పద్ధతిలో 1551లో వేసిన పట్టికలు పాత వాటికన్నా చెప్పుకోదగ్గ మెరుగేమీ కాదు. ఆయన కూడా వలయం మీద వలయం వేసుకుంటూ పోయాడు.

మావయ్య: చూశావా! ఫలం ఒకటే అయినప్పుడు పద్ధతి ఏదైతేనేం?

నేను: మీరన్న మాటే ఆ పుస్తకం ముందుమాటలో ఉంది. ఇది నిజమని నమ్మనక్కర్లేదు, లెక్క కుదిరితే చాలు అని. రాసింది కోపర్నికస్ కాదు. అచ్చు చూసుకున్న ఓసియాండర్ పేరు పెట్టకుండా చేర్చాడు. 1609లో కెప్లర్ ఆ పేరు బయటపెట్టాడు. ఆ ముందుమాట చదివి కెప్లర్‌కి ఒళ్ళు మండింది, నాకూ మండుతుంది. ఫలం ఒకటే అనేది కోణాల వరకే మావయ్యా. దూరాలు అడగండి. మీ సిద్ధాంతంలో సూర్యుడు చంద్రుడికన్నా ఎన్ని రెట్లు దూరం?

మావయ్య: గ్రహాలన్నీ రోజుకి సమానమైన యోజనాలు నడుస్తాయని మా ప్రమాణం. అందుకని చుట్టు పూర్తిచెయ్యడానికి ఎన్ని రెట్లు కాలం పడితే అన్ని రెట్లు దూరం. పదమూడు రెట్లు దాటి.

నేను: నిజానికి 390 రెట్ల దాకా. మీ లెక్కతో గ్రహణం గడియ తప్పకుండా వస్తుంది, ఏకాదశి తప్పకుండా వస్తుంది. ఆకాశం ఎంత పెద్దదో మాత్రం ఎప్పటికీ రాదు.

మావయ్య: ఏకాదశికి దూరంతో పనిలేదు.

నేను: ఏకాదశికి లేదు. నాకుంది.

ఇక్కడ మావయ్య నవ్వారు. ఆయన నవ్వితే వాదన అయిపోయినట్టు కాదు, అవతలి వైపు నుంచి మొదలుపెడతారని అర్థం.

మావయ్య: లెక్క తప్పితే మేము చూస్తూ కూర్చున్నామనుకోకు. కంటికి కనబడినదానికీ గణితానికీ తేడా వస్తే బీజసంస్కారం చేశాం. 1431లో పరమేశ్వరుడు ఏళ్ళ తరబడి గ్రహణాలు చూసి దృగ్గణితమే రాశాడు.

నేను: ఆయనకి నేనూ దండం పెడతాను. కానీ తేడా వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే అసలు సంగతి. టైకో అనే ఆయన కంటితోనే కొలిచిన కుజుడి స్థానాలకీ, తన లెక్కకీ కెప్లర్‌కి తేడా వచ్చింది. ఎంతనుకున్నారు, 8 కలలు. పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. చిన్న సంస్కారం వేసి సర్దుకుపోవచ్చు. సర్దుకోలేదు. టైకో కొలత తప్పయ్యుండదని నమ్మి, ఏళ్ళు పెట్టి కట్టిన తన లెక్కనే పారేశాడు. ఆకాశంలో దారులు వృత్తాలే అయ్యుండాలని గ్రీకులూ మనవాళ్ళూ ఒకేలా అనుకున్నదాన్ని కూడా పారేశాడు. దీర్ఘవృత్తం అలా దొరికింది. బీజసంస్కారం తేడాని పూడుస్తుంది. ఆయన తేడా ఎందుకొచ్చిందని అడిగాడు.

మావయ్య: (గొంతు పెంచి) ఎందుకొచ్చిందని అడిగితే జవాబు వచ్చి తీరుతుందా? ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణమేమిటో మీ సైన్సు ఇన్నేళ్ళలో చెప్పిందా? నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనన్నారు, లోహాలన్నారు. మా వీధిలోనే వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకునేవాళ్ళున్నారు. వాళ్ళు నా దగ్గరికొచ్చి గ్రహచారం చూడమంటారు. నేనేం చెప్పను?

ఈ దెబ్బ నేను ఊహించలేదు. నా క్లాసులోనే తండ్రిని ఆ జబ్బుకి పోగొట్టుకున్న పిల్లలున్నారు.

నేను: మీరేం చెబుతున్నారు?

మావయ్య: శాంతి చేయించమనే చెబుతాను. చెప్పి, రక్తపరీక్ష మాత్రం మానద్దంటాను.

నేను: మీరన్నది నిజం. కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. డయాలసిస్ మనిషిని నిలబెడుతుంది, అది జరగాలి. మీ బీజసంస్కారం లాంటిది అది. కానీ దాంతో చాలనుకుంటే ఇంకో తరం అదే మంచం ఎక్కుతుంది. నీళ్ళొక్కటే కారణమని తేల్చేసి వెతకడం మానేసినా అంతే. తెలీదని ఒప్పుకుని వెతుకుతూ ఉండాలి. అందుకే మావయ్యా, లెక్క కుదిరితే చాలదా అని మీరన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. అది గ్రహాల దగ్గర ఆగే మాట కాదు.

మావయ్య కండువా తీసి చెవులకి చుట్టుకున్నారు. చలిగాలి మొదలైంది.

మావయ్య: నీ కథల్లో అందరూ దొరలే అమ్మలూ. పక్కనే ఒడిశాలో ఖండపడా పఠాణి సామంతుడున్నాడు. వెదురుబద్దలతో యంత్రాలు చేసుకున్నాడు, తాటాకుల మీద సిద్ధాంతదర్పణం రాశాడు. 1899లో కలకత్తాలో అచ్చయింది. దుర్భిణి ముట్టకుండా అంత దృక్సిద్ధమైన లెక్క కట్టాడు. పూరీ జగన్నాథుడి సేవలకి వేళలు ఆయన లెక్కనే చూస్తారు. ఆయన లెక్కలో గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ. భూమి కదలదు. ఏం, తక్కువవాడా?

నేను: తక్కువవాడు కాదు. టైకో కూడా ఆకాశాన్ని అలాగే కట్టాడు, ఒకరి సంగతి ఒకరికి తెలీకుండానే. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. శుక్రుడికి చంద్రుడిలా కళలు ఉన్నాయని గెలీలియో చూశాడు కదా, దాంతో టాలమీ పద్ధతి పడిపోయింది. కానీ టైకోది పడలేదు, మీ సామంతుడిదీ పడదు.

మావయ్య: ఒప్పుకున్నావు.

నేను: కానీ దొరలే అన్నారు చూడండి, దానికి ఒప్పుకోను. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. మద్రాసు వెళ్ళి టైలర్ దగ్గర ఖగోళం నేర్చుకొచ్చిన జమీందారు ఆయన. తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీద నల్లచుక్కలా దాటిపోయాడు. నరసింగరావు గారు విశాఖలో టెలిస్కోపుతో చూసి, లండన్ ఖగోళ సంఘం పత్రికకి రాశారు. మీ సామంతుడు కూడా ఆ శుక్రగ్రస్త సూర్యుణ్ణి సిద్ధాంతదర్పణంలో ప్రస్తావించాడు.

మావయ్య: అవును, ఉంది.

నేను: అటు ఖండపడా, ఇటు విశాఖ. మధ్యలో మనం. అదే పొద్దు, అదే చుక్క. ఒకరు భూమి కదలదనుకుంటూ చూశారు, ఒకరు కదులుతోందనుకుంటూ చూశారు. అప్పటికి లోకంలో ఆ చుక్కని కొలుస్తున్నది సూర్యుడు ఎంత దూరమో తేల్చడానికి. వేరువేరు చోట్ల నుంచి చూసిన తేడాని బట్టి దూరం కట్టేవారు. సామంతుడి చేతికి ఆ ప్రశ్న అందలేదనే నా బాధ. అందుంటే ఆ వెదురుబద్దలతో ఏం చేసేవాడో!

మావయ్య: మరి టైకోదీ సామంతుడిదీ తప్పని ఎలా తేల్చారు?

నేను: వానలో స్కూటీ మీద వెళ్తే, నిటారుగా పడే చినుకు కూడా ఎదురుగా వచ్చి కొడుతుంది కదా. నక్షత్రాల వెలుగు కూడా అలాగే ఏటవాలుగా వస్తోందనీ, ఆ వాలు ఏడాది పొడుగునా దిక్కు మారుతోందనీ బ్రాడ్లీ 1729లో చెప్పాడు. 20 వికలలు. స్కూటీ భూమి. 1838లో బెస్సెల్ ఒక నక్షత్రం ఏడాదిలో అటూ ఇటూ జరగడం కొలిచాడు, ఒక వికల కన్నా తక్కువ. అది కనబడటం లేదనే కదా టైకో భూమి కదలదన్నాడు! నక్షత్రాలు ఆయన ఊహకి మించిన దూరంలో ఉన్నాయి, అంతే.

మావయ్య: అంటే కోపర్నికస్ చెప్పిన దాదాపు రెండువందల ఏళ్ళకి సాక్ష్యం దొరికింది. అన్నేళ్ళూ సాక్ష్యం లేకుండానే నమ్మారు. దాన్ని నమ్మకం అనరా?

నేను: (నిజంగా జవాబు వెతుక్కుంటూ) పందెం అనొచ్చేమో. ఓడితే ఒప్పుకునే పందెం.

మావయ్య: సరే. చూపించు.

లేచి ఇసుక దులుపుకుని వచ్చారు. గెలీలియో కాలంలో పాదువాలో చెప్పుకోదగ్గ పండితుడు క్రెమోనీనీ ఆ గొట్టంలోంచి చూడనే చూడనన్నాడు. మావయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, నడుం వంచి, ఎడమకన్ను అరచేత్తో మూసుకున్నారు. గాలికి గొట్టం ఒణుకుతుంటే నేను స్టాండు పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశారు.

మావయ్య: బింబం ఉంది. పక్కన చుక్కలు... ఒకటి, రెండు, మూడు. ఇటు పక్క ఇంకోటి. నాలుగూ ఒకే గీత మీద, దారం పట్టి పెట్టినట్టున్నాయి. నక్షత్రాలేమో?

నేను: గెలీలియో కూడా అలాగే అనుకున్నాడు. 1610, ఇదే జనవరి నెల, 7వ తేదీ. ఆయనకి ఆ రాత్రి మూడే కనిపించాయి, తూర్పున రెండు, పడమట ఒకటి. మర్నాడు చూస్తే మూడూ పడమటే ఉన్నాయి. అప్పుడు కూడా గురుడు వక్రంలోనే ఉన్నాడు. అంటే గురుడు పడమటికి జరగాలి, చుక్కలు తూర్పున మిగలాలి.

మావయ్య: అవును, అలాగే మిగలాలి. అటెలా వస్తాయి?

నేను: పంచాంగమే తప్పిందేమో, గురుడు వక్రం వదిలి ముందుకి నడుస్తున్నాడేమో అనుకున్నాడు. రాత్రి తరవాత రాత్రి చూశాడు. ఒకరోజు రెండే ఉంటాయి, 13వ తేదీకి నాలుగయ్యాయి. చివరికి తెలిసింది, జరుగుతున్నవి ఆ చుక్కలే. గురుడి చుట్టూ తిరుగుతున్నాయి. అన్నీ భూమి చుట్టూనే తిరగాలన్న నియమం ఆ నాలుగింటికీ లేదు. భూమి కదిలితే చంద్రుడు వెనకబడిపోడా అనేవాళ్ళకి కూడా అక్కడే జవాబు. గురుడు పరుగెడుతూనే నాలుగింటిని వెంట తీసుకుపోతున్నాడు.

మావయ్య మళ్ళీ వంగి చూశారు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. తరవాత సంచిలోంచి పంచాంగం తీశారు, తను గణించిందే. ఆ రోజు పేజీ తెరిచి, సెల్‌ఫోను వెలుతురు అరచేత్తో సగం మూయమన్నారు. అంచున ఖాళీలో చిన్న సున్న చుట్టి, ఒక పక్క మూడు చుక్కలు, మరో పక్క ఒక చుక్క పెట్టారు. చుక్కలు పెట్టడానికి ముందు రెండుసార్లు వెళ్ళి ఎడం సరిచూసుకొచ్చారు.

మావయ్య: టైమెంత?

నేను: సరిగ్గా ఎనిమిదిన్నర.

మావయ్య: ఇవాళ సూర్యోదయం ఆరూ ఇరవై ఎనిమిదికి. (పెదాలు కదిలాయి.) 35 ఘడియల 5 విఘడియలు.

సున్న కింద అదే వేశారు.

నేను: రేపు స్నానం కాగానే టెక్కలి బస్సెక్కుతానన్నారు కదా?

మావయ్య: ఎల్లుండి ఎక్కుతాను. రేపు సరిగ్గా ఇదే ఘడియకి ఇక్కడ ఉండాలి. ముందు ఆ స్టాండు ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటాను.